రెండక్షరాల చిత్రలేఖకుడు: వడ్డాది పాపయ్య

నెల మొదలయ్యేసరికి చందమామ కోసం ఎదురుచూసిన బాల్యం మన సరిహద్దు పల్లెలలోని పెద్దలందరికీ జ్ఞాపకమే. హద్దుకు ఇవతలి ఇంట చందమామ, అవతలి ఇంట ఒరియాలో వెలువడిన జహ్నమాము. పేరు వేరు, లిపి వేరు. కాని అట్టమీద బొమ్మ మాత్రం ఒక్కటే. వియ్యపు రాకపోకలలో ఇటు పిల్లలు అటు వెళ్ళినప్పుడు, చదవరాని పుస్తకాన్ని కూడ బొమ్మను బట్టి తమదిగా గుర్తుపట్టేవారు. ఆ బొమ్మ మూలన ఒదిగి ఉండే రెండక్షరాలు 'వపా'. ఆ అక్షరాల వెనుకనున్న వ్యక్తి వడ్డాది పాపయ్య మన సీమవాడే అన్న సంగతి నేటి తరంలో ఎందరికి తెలుసు?

గంజాం జిల్లా బిడ్డ

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామమూర్తి. ఆనాటికి శ్రీకాకుళం జిల్లా అన్నదే లేదు. ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తెలుగువారు, ఒరియావారు ఒకే కలెక్టరు కింద, ఒకే సంతలలో బతికిన రోజులవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు శ్రీకాకుళం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో చేరింది. అప్పటికి పాపయ్యకు పదిహేనవ యేడు నడుస్తున్నది. శ్రీకాకుళం 1950లో గాని వేరే జిల్లా కాలేదు. ఊరి మీదుగా హద్దులు మారుతుండగా పెరిగిన ఆ బాలుడు, తరువాతి కాలంలో ఏ హద్దూ ఎరుగని బొమ్మలు వేయడం విశేషమే.

ఆయనకు చిత్రకళలో గురువు తండ్రిగారే. ఆ రోజులలో మధ్యతరగతి ఇళ్ళ గోడలపై దేవతలు రాజా రవివర్మ రూపంలోనే వెలసి ఉండేవారు. రవివర్మ తన తైలవర్ణ చిత్రాలను బొంబాయి ప్రాంతంలో నెలకొల్పిన ముద్రణాలయంలో రంగుల పటాలుగా అచ్చువేయించి, రాజమందిరాలకు పరిమితమైన కళను సామాన్యుని గడపలోకి తెచ్చారు. అటువంటి కోదండరాముని పటం చిన్నారి పాపయ్యను ఆకట్టుకున్నది. అయిదేళ్ళ వయసులోనే దానిని చూసి తానూ గీశారని ఆయన జీవిత విశేషాలు వ్రాసినవారంతా చెబుతారు. కళాశాల మెట్లెక్కకుండా పటం చూసి నేర్చిన ఆ బాలుడే, ముందు కాలంలో తెలుగు పిల్లలకు పటాలు ఇచ్చే చేయి కాబోతున్నాడు.

మద్రాసు పిలుపు

నేటి చెన్నపట్టణం ఆనాటి మద్రాసు. తెలుగు పత్రికలకు పుట్టిల్లు అదే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక అక్కడినుండి వెలువడేది. ఆయనే 1924లో నెలకొల్పిన భారతి మాసపత్రికలో బొమ్మ అచ్చయితే చిత్రకారునికి తెలుగునాట గుర్తింపు లభించినట్లే. యువకునిగా ఉండగానే పాపయ్య చిత్రాలు భారతి పుటలను అలంకరించాయి. తమిళుల ఆనందవికటన్ కూడ ఆయన బొమ్మలను ఆదరించింది. 1953లో ఆంధ్రరాష్ట్రం విడివడి, తెలుగువారి రాజధాని మద్రాసును వదిలిపోయినా, తెలుగు ముద్రణారంగం మాత్రం చాలకాలం ఆ నగరాన్ని వదలలేదు. యంత్రాలు అక్కడ, కాగితం అక్కడ, బ్లాకులు చేసే నిపుణులు అక్కడ.

1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసులో చందమామను ప్రారంభించారు. తెలుగుతోపాటు తమిళంలో అంబులిమామ వెలువడింది. అటుపై కన్నడ, హిందీ, మరాఠీ, మలయాళం, ఒరియా మొదలైన భాషలకు పత్రిక విస్తరించింది. వడపళనిలోని ముద్రణాలయం నుండి దేశమంతటికీ పుస్తకాలు వెళ్ళేవి. 1952 నుండి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు తెర వెనుక సంపాదకత్వం నిర్వహించారు. లోపలి కథలకు చిత్రా, శంకర్ వంటి ఉద్దండులు బొమ్మలు వేసేవారు. మహాభారత ఘట్టాలతో ముఖచిత్రాలకు అపూర్వమైన పేరు తెచ్చిన ఎం.టి.వి. ఆచార్య పత్రికను విడిచిన తరువాత, ఆ స్థానాన్ని నింపడం ఎవరికైనా కత్తిమీద సామే. ఆ బరువును ప్రధానంగా పాపయ్య భుజాన వేసుకున్నారు. ఆ పత్రికకు ఆయన కుంచె దశాబ్దాలపాటు సేవచేసింది.

అట్టబొమ్మ వెనుక కష్టం

అట్టబొమ్మ వేయడం గోడకు తగిలించే చిత్రం వేయడం వంటిది కాదు. పైభాగాన పత్రిక పేరుకు చోటు విడవాలి. కనుక కిరీటమో, ధనుస్సు కొననో, చెట్టుకొమ్మనో ఎక్కడికి రావాలో ముందే లెక్కచూసుకోవాలి. ఎన్ని భాషలలో ఎన్ని పేర్లు వచ్చి కూర్చున్నా బొమ్మ చెడకూడదు. బొమ్మకింద వివరణ లేకున్నా ఏ భాష పిల్లవానికైనా కథ తెలియాలి. అచ్చులో ఆ రంగులన్నీ పసుపు, ఎరుపు, నీలం, నలుపు అనే నాలుగు పొరలుగా విడిపోయి, ఒకదానిపై ఒకటి పడి మళ్ళీ కలుస్తాయి. ఒక పొర వెంట్రుకవాసి జరిగినా కన్ను చెదరుతుంది, పెదవి మసకబారుతుంది. చిత్రకారుడు ఇదంతా మనసులో పెట్టుకొనే కుంచె పట్టాలి.

పాపయ్య బొమ్మలలో పాత్రలను గుర్తించడానికి పేర్లు అక్కరలేదు. భీముడు నిలుచున్న తీరులోనే భీముడు. రాక్షసుడు భయంకరుడే కాని అసహ్యం పుట్టించడు. దేవతల ముఖాలలో మన ఊరి ముత్తైదువుల కళ కనిపిస్తుంది. పెద్ద కన్నులు, నిండైన కొప్పులో పూలు, ఒంటినిండ నగలు, వెనుక ఒదిగే కొమ్మలు, మబ్బులు. ఈ అమరికలో ఏదీ ఊరకే వచ్చి చేరినట్లు ఉండదు. ముదురు నీలాన్ని, సిందూరపు ఎరుపును పక్కపక్కన నిలిపి రెంటినీ వెలిగించడంలో ఆయనది ప్రత్యేకమైన చేయి.

పిల్లలకు చందమామ ద్వారా పురాణాన్ని చూపిన ఆ చేయే, పెద్దలకు యువ ద్వారా మరొక లోకాన్ని చూపింది. చక్రపాణిగారి యువ మాసపత్రికలో, దాని దీపావళి సంచికలలో వపా బొమ్మలంటే పాఠకులకు పండుగే. కావ్యనాయికలు, రాగాలు, ఋతువులు, పల్లెపడుచులు అక్కడ ప్రాణం పోసుకున్నారు. చివరి దశలో విజయవాడనుండి వెలువడే స్వాతి కూడ ఆయన చిత్రాలను విరివిగా ప్రచురించింది.

కశింకోట కాపురం

బొమ్మలు చేరే చోటు మద్రాసు. ఆయన కాపురం మాత్రం అనకాపల్లి చెంతనున్న కశింకోట. హౌరా, మద్రాసుల నడుమ రైళ్ళు పరుగులు తీసే దారిలోని చిన్న ఊరది. సభలకు, సన్మానాలకు, ప్రచారానికి ఆయన దూరంగా మసలుకున్నారు. లక్షల ఇళ్ళలో బొమ్మ తెలిసిన మనిషికి ముఖం తెలిసినవారు కొద్దిమందే.

ఈ వినయానికి మరొక పార్శ్వం కూడ ఉన్నది. పత్రికలకు బొమ్మలు వేసేవారిని కళావిమర్శకులు చాలకాలం రెండవ పంక్తిలోనే కూర్చుండబెట్టారు. ప్రదర్శనశాలలో ఒక్క ప్రతిగా వేలాడే చిత్రానికి విలువ కట్టారు గాని, లక్ష ప్రతులుగా అచ్చయి పల్లెటూరి వసారాలో పిల్లల చేతులలో నలిగిన చిత్రాన్ని లెక్కలోనికి తీసుకోలేదు. రవివర్మ ముందు చిత్రం వేసి పిదప అచ్చుకు ఇచ్చారు. పాపయ్య అచ్చుకోసమే చిత్రం వేశారు. ఆయన ప్రదర్శనశాల నెలనెలా పోస్టుమాను సంచిలో మన గుమ్మం ముందుకే వచ్చింది. చూడడానికి రుసుము పుస్తకం వెల మాత్రమే, అదీ చేతులు మారుతూ ఊరంతటికీ ఒక్క వెల. దానిని తక్కువ కళ అనడం న్యాయమా?

1992 డిసెంబరు 30న పాపయ్య తన డెబ్బదిరెండవ యేట కన్నుమూశారు. ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1996లో, మద్రాసు అధికారికంగా చెన్నైగా మారింది. చందమామ 1998లో ఆగి, మరుసటి యేడు తిరిగి ప్రాణం పోసుకొని, చేతులు మారి, 2013లో పూర్తిగా నిలిచిపోయింది. కశింకోట సైతం 2022నుండి కొత్త అనకాపల్లి జిల్లాలో భాగమైనది. ఊళ్ళ పేర్లు, జిల్లాల గీతలు ఇలా మారుతూనే ఉంటాయి.

మన వంతు

నిలవవలసినవి ఆ బొమ్మలు. కాని అవి కాగితం మీదివి. చెదకు, చెమ్మకు, కిలోల లెక్కన కొనే పాతకాగితాల బండికి అవి లోకువ. మన ఇళ్ళ అటకలపై, ట్రంకుపెట్టెలలో పాత చందమామలు, యువలు ఇంకా ఉంటే వాటిని తూకానికి వేసేముందు ఒక్కసారి తెరచి చూడండి. అట్ట మూలన రెండక్షరాలు కనిపించాయా? అయితే ఆ పుస్తకాన్ని బీరువాలోని మంచిబట్టల సరసన చేర్చండి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని బొమ్మతోపాటు ఆయన పేరు కూడ చెప్పండి. సరిహద్దుకు అవతల బంధువుల ఇంట జహ్నమాము పాత ప్రతి ఉంటే దానిని తెచ్చి పక్కన పెట్టి చూపండి. ఒకే బొమ్మను రెండు భాషల పిల్లలు తమదే అనుకున్న కాలం ఒకటి ఉండేదని, ఆ బొమ్మ వేసినవాడు మనవాడని వారు తమ కళ్ళతోనే తెలుసుకుంటారు.