అజంతాకి బ్యాకప్ తీసిన మనిషి: గులాం యజ్దానీ

పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం పేరెత్తగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఈజిప్టు మమ్మీ. స్కూలు ఎక్స్‌కర్షన్ల పుణ్యమా అని దాన్ని అందరం చూసే ఉంటాం. అదే మ్యూజియంలో అజంతా కుడ్యచిత్రాల నకళ్ళు కూడా ఉన్నాయి. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ అనే చిత్రకారులు వేసినవి. ఎలాగూ ఒరిజినల్ కాదు కదా అని వాటిముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడరు. అజంతా మహారాష్ట్రలో ఉంటే దాని నకళ్ళు నాంపల్లిలో ఎందుకున్నాయి అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువ. ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే నాకు దొరికిన మనిషి గులాం యజ్దానీ.

యజ్దానీ 1885లో ఢిల్లీలో పుట్టారు. ఆయన చదువు అరబ్బీ, పారశీకాల్లో సాగింది. ఆయన ఇంజనీరూ కాదు, చిత్రకారుడూ కాదు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ మొదలుపెట్టినప్పుడు దాన్ని నడిపే బాధ్యత ఆయనకి వచ్చింది. అప్పటికి ఆయన వయసు ముప్పై కూడా లేదు. అప్పట్లో హోం సెక్రటరీగా ఉన్న అక్బర్ హైదరీ ఈ శాఖకి పెద్ద అండ. ఔరంగాబాద్ ప్రాంతం హైదరాబాద్ సంస్థానంలోనే ఉండేది కాబట్టి అజంతా, ఎల్లోరా రెండూ యజ్దానీ చేతికి వచ్చాయి.

అయితే అజంతా అప్పటికే బాగా దెబ్బతిని ఉంది. 1819లో జాన్ స్మిత్ అనే బ్రిటిష్ అధికారి కంటపడిన దగ్గర్నుంచి చూడ్డానికి వచ్చేవాళ్ళు పెరిగారు. ఆ స్మిత్ గారు పదో గుహలో తన పేరు చెక్కి మరీ వెళ్ళారు! నీటి చెమ్మ, పురుగులు, గబ్బిలాలు సరేసరి. గోడలు ఎలాగూ నిలవవేమో, కనీసం నకళ్ళైనా తీద్దాం అని కొందరు పూనుకున్నారు. ఆ నకళ్ళకి పట్టిన గతి చూడండి.

రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి 1840ల నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఉండి ఆయిల్ పెయింటింగులు వేశాడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పెట్టారు. 1866 అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూలు నుంచి జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో వెళ్ళి 1872 నుంచి 1885 దాకా మళ్ళీ వేయించాడు. అవీ లండన్‌కే చేరాయి. 1885లో మళ్ళీ మంటలు, వందకి పైగా పోయాయి. జపాన్ నుంచి వచ్చిన అరాయ్ కంపో బృందం తీసుకెళ్ళిన నకళ్ళు 1923 టోక్యో భూకంపంలో బూడిదయ్యాయి. మన భాషలో చెప్పాలంటే మూడు బ్యాకప్‌లూ క్రాష్.

గ్రిఫిత్స్ బృందం ఇంకో పని కూడా చేసింది. బొమ్మలు స్పష్టంగా కనపడాలని అసలు గోడలకే వార్నిష్ పూసింది. కొన్నాళ్ళకి ఆ వార్నిష్ రంగు మారి పొట్టు లేవడం మొదలుపెట్టింది. దాంతోపాటు కింది రంగు కూడా ఊడొచ్చింది.

ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ కావాలి. పాంపేలో రోమన్లు గోడల మీద బొమ్మలు వేసిన పద్ధతి వేరు. తడి సున్నం మీదే రంగు వేసేవాళ్ళు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంటే రంగు కూడా గోడలో భాగమైపోతుంది. అజంతాలో అలా కాదు. రాతి మీద మట్టి, వరిపొట్టు, గడ్డి పీచు కలిపిన పూత, దానిమీద పల్చగా సున్నం, అది ఆరాక జిగురు కలిపిన రంగు. అంటే రంగు పైపైన అంటుకుని ఉంటుంది, అంతే. నీళ్ళు తగిలినా ప్రమాదమే. కింద ఉన్న పొట్టు, పీచు పురుగులకి మేత.

గోడలు బాగుచేయడానికి యజ్దానీ శాఖ ఇటలీ నుంచి నిపుణుల్ని రప్పించింది. లొరెంజో చెక్కోని, ఆయనకి తోడు కౌంట్ ఒర్సీని. 1920 నుంచి 1922 మధ్య చలికాలాల్లో వాళ్ళు గుహల్లో పనిచేశారు. గోడని వదిలేస్తున్న పూతని మళ్ళీ అతికించారు. రంగు రాలకుండా పైన లక్క ద్రావణం, అంటే షెల్లాక్, పూశారు. ఆ రోజుల్లో అందుబాటులో ఉన్న మంచి పద్ధతి అదే. ఊడి పడబోతున్న చాలా భాగాలు దానివల్లే నిలిచాయి.

కానీ షెల్లాక్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, గోధుమరంగుకి తిరిగి, గట్టిపడి, తీయడానికి కూడా మొండికేస్తుంది. అజంతా బొమ్మలు నల్లబడ్డాయని తర్వాతి తరాలు అనుకోవడానికి ఆ పూత కూడా ఒక కారణం. దాన్ని కొంచెం కొంచెంగా తొలగించే పని భారత పురావస్తు శాఖ రసాయన నిపుణుల మీద పడింది. మరి యజ్దానీ అజంతాని కాపాడినట్టా, పాడుచేసినట్టా? నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది. అప్పుడు పూత పూయకపోతే ఇప్పుడు తుడవడానికి అక్కడ ఏదీ ఉండకపోను. ఈ రోజు సంరక్షణ రంగంలో గట్టిగా చెప్పే నియమం ఒకటుంది: గోడకి ఏది పూసినా రేపు తీయగలిగేదే పూయాలి. అజంతాలాంటి చోట్ల తగిలిన దెబ్బలే ఆ పాఠాన్ని నేర్పాయి.

యజ్దానీ ఒక్క గోడనే నమ్ముకోలేదు. అదే ఆయనలో నాకు నచ్చిన గుణం. గోడకి మరమ్మతు ఒకటి. చేత్తో వేసిన నకళ్ళు రెండోది. సయ్యద్ అహ్మద్ అంతకుముందే, 1909-11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ నందలాల్ బోస్ లాంటివాళ్ళతో చేయించిన నకళ్ళ పనిలో ఉన్నవాడు. తర్వాత అజంతాకే క్యూరేటర్ అయ్యాడు. మూడోది ఫోటోలు. ఈ.ఎల్. వాసీ తీసిన ఫోటోల ఆధారంగా అజంతా గ్రంథం మొదటి భాగం 1930లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ నుంచి వచ్చింది. రెండోది 1933లో, మూడోది 1946లో, నాలుగోది 1955లో. పాతికేళ్ళ ప్రాజెక్టు! మనం ఒక సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకే అల్లాడిపోతాం. నాలుగోది మాట. ఏ గుహలో ఏ గోడమీద ఏముంది, అది ఏ జాతక కథ అన్నది బొమ్మ బొమ్మకీ రాసుకుంటూ పోయారు. అరబ్బీ పండితుడు కూర్చుని బౌద్ధ జాతకాలు విడదీశారన్నమాట.

నకలు అంటే చులకన ఎందుకు ఉండకూడదో నాకు మా పాతబస్తీలోనే ఒక సాక్ష్యం కనిపిస్తుంది. పత్తర్‌గట్టి దగ్గర బాద్షాహీ అషూర్‌ఖానా ఉంది. కుతుబ్‌షాహీల నాటి రంగు పలకలు ఇప్పటికీ గోడల మీద మెరుస్తుంటాయి. 1908 మూసీ వరదల్లో కిందివైపు పలకలు దెబ్బతిన్నాయి. పోయిన చోట ఆ డిజైన్‌నే రంగులతో గచ్చుమీద దించారు. దగ్గరికెళ్తే ఏది పలకో ఏది పెయింటో తెలిసిపోతుంది. అయినా ఆ పెయింట్ ఉండబట్టే అక్కడ ఏ నమూనా ఉండేదో మనకి అర్థమవుతోంది.

యజ్దానీ పని అజంతాతో ఆగలేదు. మన రామప్ప గుడి మీద, పాలంపేట ఆలయాల పేరుతో 1922లోనే పుస్తకం రాశారు. దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది 2021లో! బీదర్ కట్టడాల మీద 1947లో పెద్ద గ్రంథం వేశారు. 1943లో ఉద్యోగ విరమణ చేశారు. 1948లో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగి మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి పోయింది, దాంతో అజంతా కూడా. తను ముప్పై ఏళ్ళు కాపాడిన గుహలు వేరే రాష్ట్రంలోకి వెళ్ళడం ఆయన బతికుండగానే జరిగింది. ఆయన మాత్రం రాయడం ఆపలేదు. 1959లో పద్మభూషణ్ వచ్చింది. దక్కన్ ప్రాచీన చరిత్ర మీద ఆయన సంపాదకత్వంలో వచ్చిన సంపుటాలు 1960లో వెలువడ్డాయి. 1962లో కన్నుమూశారు.

గుహలు అటు వెళ్ళాయి, నకళ్ళు ఇక్కడ ఉండిపోయాయి. ఇప్పుడు ఆ నకళ్ళకీ వయసు మీదపడుతోంది. కాగితం, గుడ్డ, రంగు ఏదైనా చెమ్మకీ వెలుతురుకీ లోబడేదే. 1949లో జపాన్‌లోని హోర్యూజీ ఆలయంలో ఏం జరిగిందో తెలుసా? అక్కడి పాత కుడ్యచిత్రాలకి నకళ్ళు వేస్తుండగానే మంటలు లేచి అసలు గోడలే కాలిపోయాయి. చిత్రకారులు చలికి వాడుకున్న ఎలక్ట్రిక్ హీటర్ మెత్తలే కారణమని అనుమానం. కాబట్టి ఎప్పుడు ఏది అసలుగా మిగులుతుందో, ఏది నకలుగా మిగులుతుందో ముందే చెప్పలేం.

మనలో స్కానింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్, సెన్సర్ల మీద ప్రాజెక్టులు చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక హాల్లో తేమనీ వెలుతురునీ కొలిచే పరికరం మనకి పెద్ద లెక్క కాదు. టాపిక్ కోసం వెతుకుతున్నవాళ్ళు ఈసారి మమ్మీ దగ్గర ఆగిపోకుండా అజంతా బొమ్మల దాకా వెళ్ళి చూడండి.