శ్రీ అయ్యగారి సాంబశివరావుగారు

మన తుర్కయంజాలు నుండి ఎల్.బి.నగరు పోవు విద్యార్థులు అచ్చటి బస్సుల ఫలకములపై ఇ.సి.ఐ.ఎల్. అను పేరు చూచుచుందురు. హైదరాబాదులోని ఆ ఎలక్ట్రానిక్స్ కర్మాగారమునకు మూలపురుషులు సాంబశివరావుగారు.

వీరు 1914 లో, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అచ్చటనే కొంతకాలము పాఠములు చెప్పిరి. వీరును ఉపాధ్యాయులై యుండిరని చెప్పుకొనుట మాకెంతయు ప్రియము. పిదప అమెరికాలోని స్టాన్‌ఫర్డున విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, బొంబాయిలో హోమీ భాభాగారి బృందమున చేరిరి.

1956 ఆగష్టు 4 న ట్రాంబేలో అప్సర యను అణు రియాక్టరు పనిచేయ నారంభించెను. ఇంధనము ఇంగ్లండునుండి వచ్చినను, అదుపు పరికరములను సాంబశివరావుగారి బృందమే నిర్మించెను. ఇది సామాన్యమైన పని కాదు. రియాక్టరులోని శక్తి కంటికి కానరాదు. న్యూట్రానుల తాకిడివలన, వాయువు నింపిన గొట్టములో పుట్టు విద్యుత్ప్రవాహమును కొలిచియే దానిని తెలిసికొనవలెను. ఆ ప్రవాహము ఆంపియరులో పదిలక్షవ వంతుకంటెను తక్కువగా నుండవచ్చును. దానిని వృద్ధిచేసి మీటరు ముల్లుపై చూపవలెను. శక్తి హద్దు దాటినచో నియంత్రణపు కడ్డీలు తమంతట దిగి చర్యను నిలుపవలెను. కొలత తప్పెనా, అపాయమే. ఇంతటి భారమును విదేశపు యంత్రములకు గాక మన యువకుల చేతిపనికి విడుచుటయే వారి జీవితములో మిక్కిలి ధైర్యమైన కార్యమని మా యభిప్రాయము.

1965 లో భట్నాగర్ బహుమానము, 1972 లో పద్మభూషణ బిరుదము వీరికి లభించెను. 1967 లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. నుండి కొలత పరికరములే గాక కంప్యూటర్లు, టెలివిజన్లు కూడ వెలువడెను.

2003 లో వీరు కాలధర్మము నొందిరి. కర్మాగారము చెంతనున్న పేటను నేడు ఎ.ఎస్.రావు నగరని పిలుచుచున్నారు.