రామానుజన్‌కు డిగ్రీ తెచ్చిన సంఖ్యలు

శ్రీనివాస రామానుజన్ అనగానే మనలో చాలామందికి 1729 అనే టాక్సీ నంబరు గుర్తుకు వస్తుంది. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరునైన నాకు ఆయన పేరుతో గుర్తొచ్చే సంఖ్య వేరే ఉంది: 67,46,32,83,88,800.

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో పుట్టిన రామానుజన్ కుంభకోణంలో పెరిగారు. లెక్కల ధ్యాసలో పడి మిగతా సబ్జెక్టులు వదిలేయడంతో కాలేజీ స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్ళిపోయారు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు. 1910 చివర్లో నోటుపుస్తకాలు పట్టుకుని నెల్లూరు వెళ్ళి కలెక్టరు రామచంద్రరావు గారిని కలిశారు. గణితాభిమాని అయిన ఆ కలెక్టరు కొంతకాలం నెలనెలా డబ్బిచ్చి ఆదుకున్నారు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. 1913లో కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి ఉత్తరం రాశారు. 1914 మార్చిలో ఓడ ఎక్కారు.

1915లో ఆయన 'హైలీ కాంపోజిట్' సంఖ్యల మీద పెద్ద వ్యాసం ప్రచురించారు. తనకంటే చిన్నవైన అన్ని సంఖ్యల కంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్య అన్నమాట. 12కి 1, 2, 3, 4, 6, 12 అని ఆరు భాజకాలు. అంతకన్నా చిన్న సంఖ్య దేనికీ ఆరు లేవు. గంటలోని 60 నిమిషాలూ, వృత్తంలోని 360 డిగ్రీలూ ఈ జాతివే.

ఇలాంటివి 102 సంఖ్యలు రామానుజన్ చేత్తో లెక్కకట్టి పట్టిక వేశారు. అందులో చివరిదే పైన చెప్పిన పదమూడంకెల సంఖ్య. దానికి 10,080 భాజకాలు! పట్టికలో ఒక్కటే జారిపోయింది: 2,93,31,86,25,600. దాన్ని 23తో గుణిస్తే ఆ చివరి సంఖ్యే వస్తుంది. చిన్న ప్రోగ్రాము రాసి నేను సరిచూశాను, క్షణంలో తేలింది. అయితే ఒకటి నుంచి వరుసగా వెతికితే అది కంప్యూటరుకైనా తెమిలే పని కాదు. ఈ సంఖ్యల్లో 2, 3, 5, 7 ఇలా ప్రధాన సంఖ్యలు మధ్యలో ఏదీ తప్పకుండా వస్తాయి, ముందున్న దాని ఘాతం కంటే తరువాతి దాని ఘాతం పెరగదు. రామానుజన్ చూపిన ఈ నియమమే నా ప్రోగ్రాముకు దారి.

యుద్ధకాలంలో లండన్ మ్యాథమెటికల్ సొసైటీకి డబ్బు కరువై వ్యాసంలో కొంతే అచ్చయింది. మిగతాది 1997లో వెలుగు చూసింది. ఎఫ్.ఏ. గట్టెక్కని మనిషికి ఆ పరిశోధన మీదే 1916లో కేంబ్రిడ్జి బి.ఏ. పట్టా ఇచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1919లో జబ్బుతో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్ళకే కన్నుమూశారు.

డిగ్రీలే పెట్టుబడిగా ఇంత దూరం వచ్చిన వాళ్ళం మనం. పిల్లల మార్కుల్లో ఏదో ఒకటి తగ్గితే కంగారు పడిపోతాం. ఆ నెల్లూరు కలెక్టరు మార్కుల సంగతి పక్కనపెట్టి నోటుపుస్తకం తెరిచి చూశారు. మన ఇళ్ళలోనూ అలా తెరిచి చూడాల్సిన పుస్తకాలు ఉండే ఉంటాయి.