వైద్యగురువు అల్‌రాజీ

వైద్యశాస్త్రాన్ని గ్రంథాల నుండి నేర్వవచ్చు. వైద్యుని నడవడిని మాత్రం మరొక వైద్యుని చూచి నేర్వవలసినదే. ఈ సత్యాన్ని వెయ్యి సంవత్సరాలకు పూర్వమే ఆచరించి చూపిన మహనీయులు అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్‌రాజీ. వైద్యవృత్తిని స్వీకరించగోరే మా విద్యార్థులకు వారి జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయదలచినాము.

అల్‌రాజీ సుమారు 865లో, నేటి టెహ్రాన్ సమీపాన గల రయ్ పట్టణంలో జన్మించారు. ఆ ఊరి పేరే వారి పేరులో నిలిచిపోయింది. రయ్‌లోను, బాగ్దాదులోను ఆసుపత్రులకు ప్రధాన వైద్యులుగా పనిచేశారు. మశూచికి, తట్టుకు గల భేదాన్ని వివరిస్తూ వారు రచించిన గ్రంథం ఐరోపాలో సైతం చిరకాలం ఆదరణ పొందింది.

అయితే మేము విశేషించి స్మరించదలచినది వారి బోధనా విధానాన్ని. పదవ శతాబ్దపు గ్రంథకర్త ఇబ్న్ అల్‌నదీమ్ దానిని వర్ణించారు. అల్‌రాజీ చుట్టూ శిష్యులు, వారి వెనుక ప్రశిష్యులు, ఆ వెనుక మరికొందరు వలయాలుగా కూర్చుండేవారు. రోగి ముందుగా వెలుపలి వలయం వారికి తన బాధ చెప్పుకొనేవాడు. వారికి అంతుపట్టనిచో లోపలి వారికి, వారికీ తెలియనిచో చివరకు గురువుకే నివేదించేవాడు. రోగితో సంభాషించడం, తెలియనిది తెలియదని అంగీకరించి పెద్దలకు అప్పగించడం చిన్న శిష్యుడు సైతం ఈ విధంగా నేర్చుకొనేవాడు. రోగి ఎవరి అజ్ఞానానికీ బలి కానవసరం లేదు.

గురువు తమ పొరపాటును సైతం దాచలేదు. చలిజ్వరంతో బాధపడుతున్న ఒక రోగి విషయంలో మూత్రంలో చీము కనబడిన పిదపనే వ్యాధి మూత్రపిండాలలో ఉన్నదని వారికి నిశ్చయమయింది. తొలిదినాననే నడుము బరువును గురించి అడుగకపోవడం తమ లోపమేనని వ్రాసి ఉంచారు. అంతటి ప్రఖ్యాతి గల వైద్యునికి ఇట్లు వ్రాయడం సులభమా?

ఒక పాలకుని కొలువులో వైద్యునిగా చేరిన శిష్యునికి వారు హితబోధ చేస్తూ లేఖ వ్రాశారు. రోగి రహస్యాన్ని కాపాడవలెనని, ధనికునితో సమానంగా పేదవానికీ చికిత్స చేయవలెనని, గర్వాన్ని విడనాడవలెనని అందులో ఉపదేశించారు. వైద్యుడు అందుబాటులో లేనివారి కొరకు ప్రత్యేకంగా ఒక గ్రంథమే రచించారు.

అవసాన దశలో దృష్టిని కోల్పోయి, సుమారు 925లో అల్‌రాజీ కీర్తిశేషులైనారు. వారు వ్రాసిపెట్టుకొన్న విషయాలన్నీ మరణానంతరం అల్‌హావీ అను మహాగ్రంథంగా కూర్చబడినాయి. దాని అరబీ మూలాన్ని 1955 నుండి 23 సంపుటాలుగా ముద్రించిన ఘనత మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థకు దక్కింది.

ఔషధాలు మారినాయి, పరికరాలు మారినాయి. రోగి ఎదుట వైద్యుడు నిలువవలసిన తీరు మారలేదు. మా విద్యార్థులు ఆ వలయాలలో తామూ ఒకరమని భావించి నడుచుకొందురు గాక!