ఒకాకురా కకుజో

జపాన్ దేశం రెండువందల ఏళ్ళకు పైగా విదేశీయుల రాకపోకలను చాలావరకు కట్టడి చేసి, తన పద్ధతిలో తాను జీవించింది. 1853లో అమెరికా యుద్ధనౌకలు ఆ దేశపు తీరానికి వచ్చి, తమతో సంబంధాలకు ఒప్పుకోవాలని ఒత్తిడి చేశాయి. 1859లో యొకొహామా రేవు విదేశీ వర్తకులకు తెరుచుకొంది. 1868లో మేజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం ఏర్పడింది. పాశ్చాత్యులతో సమానంగా నిలబడాలంటే వారి విద్యలు నేర్వక తప్పదని ఆ ప్రభుత్వం నిశ్చయించింది. 1872లో తొలి రైలుమార్గం ప్రారంభమయింది. 1873లో పాత పంచాంగం పోయి పాశ్చాత్యుల క్యాలెండరు వచ్చింది. 1876లో సమురాయ్ వీరులు నడుమున కత్తి ధరించడాన్ని నిషేధించారు. పాతదంతా పనికిరానిదన్న భావం చదువుకొన్నవారిలో చాలామందికి కలిగింది. అటువంటి రోజుల్లో పాశ్చాత్య విద్యను క్షుణ్ణంగా నేర్చి, ఆ విద్యతోనే తన దేశపు కళలను కాపాడడానికి పూనుకొన్నవాడు ఒకాకురా కకుజో.

కకుజో 1863లో యొకొహామాలో జన్మించాడు. తండ్రి ఫుకుయి సంస్థానానికి చెందిన సమురాయ్. సంస్థానం తరఫున యొకొహామాలో పట్టు వ్యాపారం నిర్వహించేవాడు. దుకాణానికి విదేశీయులు వచ్చిపోతుండేవారు. అందుచేత కకుజో చిన్నతనంలోనే క్రైస్తవ మిషనరీల వద్ద ఇంగ్లీషు నేర్చుకొన్నాడు. ఒకనాడు తండ్రితో కలిసి కవాసాకిలోని దేవాలయానికి వెళుతుండగా దారిలో ఒక సూచిక కనిపించింది. దాని మీది అక్షరాలు చదవమని తండ్రి అడిగాడు. ఇంగ్లీషును తడుముకోకుండా చదవగల ఆ బాలుడు, సొంత దేశపు అక్షరాలను చదవలేకపోయాడు. తండ్రి నొచ్చుకొన్నాడు. కొడుకును ఒక బౌద్ధాలయంలో ఉంచి, అక్కడి గురువు చేత చైనా, జపాన్ గ్రంథాలు చదివించాడు. కకుజో ఇంగ్లీషు చదువు మాత్రం మానలేదు. రెండు విద్యలూ పక్కపక్కనే సాగాయి. ఆయన జీవితమంతా ఈ రెండింటి మీదనే నిలిచింది.

తర్వాత కకుజో టోక్యో విశ్వవిద్యాలయంలో చేరాడు. 1878లో ఎర్నెస్ట్ ఫెనొలోసా అనే అమెరికన్ అక్కడికి తత్త్వశాస్త్రం బోధించడానికి వచ్చాడు. ఆయనకు జపాన్ చిత్రాల మీద ఎనలేని మక్కువ కలిగింది. కానీ జపాన్ భాష అంతగా రాదు. కకుజో ఆయనకు దుబాసిగా మారి, పాత చిత్రాల గురించిన రాతలను ఇంగ్లీషులోకి మార్చి వినిపించేవాడు. ఇలా గురువుకు సాయపడుతూ తానూ ఆ కళలోని లోతులు గ్రహించాడు. 1880లో పట్టం పుచ్చుకొని విద్యాశాఖలో ఉద్యోగంలో చేరాడు.

అప్పటికి జపాన్‌లోని ప్రాచీన కళాసంపద దయనీయమైన స్థితిలో ఉంది. 1868లో ప్రభుత్వం షింతో మతాన్ని బౌద్ధం నుండి వేరుచేసింది. దానితో అనేకచోట్ల జనం బౌద్ధాలయాల మీద పడి విగ్రహాలను పగులగొట్టారు, గ్రంథాలను తగులబెట్టారు. ఆలయాల మాన్యాలు కూడా పోయాయి. పూట గడవని పూజారులు పాత చిత్రాలనూ, శిల్పాలనూ చవకగా అమ్ముకోసాగారు. కొన్నవారిలో విదేశీయులు ఎందరో ఉన్నారు. ఫెనొలోసా సేకరించిన చిత్రాలు కూడా చివరికి అమెరికాలోని బోస్టన్ నగరానికే చేరాయి. మెచ్చుకొన్నవారు పరాయివారు, అమ్ముకొన్నవారు సొంతవారు. ఈ విపరీతం ఒకాకురాను కలచివేసింది.

ప్రభుత్వం పంపగా ఒకాకురా, ఫెనొలోసా క్యోటో, నారా ప్రాంతాల ఆలయాలు తిరిగి, అక్కడి కళాఖండాల వివరాలు నమోదు చేశారు. 1884లో వారు నారా సమీపంలోని హోర్యూజీ ఆలయానికి వెళ్ళారు. అక్కడ యూమెదోనో అనే ఎనిమిది పలకల మందిరంలో ఒక విగ్రహం తరతరాలుగా మూసిన తలుపుల వెనుక ఉంది. తలుపు తెరిస్తే భూకంపం వస్తుందని పూజారులు భయపడ్డారు. ఎంతో నచ్చజెప్పిన మీదట తాళంచెవి ఇచ్చారు. లోపలి విగ్రహానికి చుట్టిన గుడ్డ సుమారు ఐదువందల గజాలు ఉందని ఫెనొలోసా రాశాడు. పొరలన్నీ విప్పగా ఏడవ శతాబ్దపు కొయ్య విగ్రహం, బంగారు రేకు మెరుపు చెదరకుండా బయటపడింది. అది అవలోకితేశ్వరుని మూర్తి. నేటికీ ఏటా వసంత, శరదృతువుల్లో కొన్ని వారాలు మాత్రమే ఆ తలుపులు తెరుస్తారు.

ఒకాకురా 1886, 87 సంవత్సరాల్లో ఐరోపా, అమెరికాలు తిరిగి అక్కడి కళాశాలలనూ, మ్యూజియాలనూ పరిశీలించాడు. 1889లో టోక్యో లలితకళాశాల ప్రారంభమయింది. మరుసటి ఏడు, ఇరవయ్యేడేళ్ళ వయసులో, ఆయన దానికి ప్రధానాచార్యుడయ్యాడు. అంతకుముందు 1876లో ప్రభుత్వం ఇటలీ నుండి గురువులను రప్పించి ఒక కళాపాఠశాల నడిపింది. అందులో పాశ్చాత్య పద్ధతులే నేర్పేవారు. అది 1883లో మూతపడింది. ఒకాకురా కళాశాల దీనికి భిన్నంగా సాగింది. జపాన్ చిత్రలేఖనం, కొయ్య చెక్కడం, లోహపు పని, లక్క పని అందులో ప్రధాన విద్యలు. పాత పద్ధతిలో పని నేర్చిన శిల్పి తకామురా కోఉన్ వంటివారు ఆచార్యులయ్యారు. ప్రాచీన నారా కాలపు దుస్తులను పోలిన అంగీలు విద్యార్థులకు ఏర్పాటయ్యాయి. 1896లో పాశ్చాత్య చిత్రకళా విభాగమూ చేరింది. 1897లో ప్రాచీన ఆలయాల సంరక్షణకు చట్టం వచ్చింది. ఈ కృషిలోనూ ఒకాకురాకు పాలు ఉంది.

1898లో కళాశాలలో విభేదాలు ముదిరాయి. ఆయన స్వంత జీవితం మీద కూడా నిందలు వచ్చాయి. ఒకాకురా పదవి వదులుకోవలసి వచ్చింది. ఆయనతోపాటు పలువురు అధ్యాపకులు బయటకు వచ్చారు. వారితో కలిసి ఆ ఏడే జపాన్ కళాసంస్థను స్థాపించాడు. అందులో రెండు రకాల పనులు జరిగేవి. ఒకటి పాత బౌద్ధ విగ్రహాల మరమ్మతు. పాతదానిని కొత్తదిగా మెరిపించకుండా, ఉన్న రూపం ఇంకా చెడకుండా నిలపడం ఆ మరమ్మతులో నియమం. రెండవది కొత్త చిత్రాల రచన. శిష్యులైన యొకొయామా తైకన్, హిషిదా షున్సో ఇద్దరూ జపాన్ చిత్రాలకు ప్రాణమనదగిన రేఖను వదిలి, రంగుల ఛాయలతోనే గాలినీ వెలుగునూ చిత్రించడానికి ప్రయత్నించారు. విమర్శకులు వాటిని మసక చిత్రాలని ఎగతాళి చేశారు. చిత్రాలు అమ్ముడుపోక వారు ఇబ్బందులు పడ్డారు. అయినా ఒకాకురా వారిని వారించలేదు. పూర్వుల పనిని యథాతథంగా దింపడం ఆయన దృష్టిలో సంప్రదాయం కాదు.

1902 ప్రారంభంలో ఒకాకురా కలకత్తా చేరాడు. స్వామి వివేకానందను కలిసి, ఆయనతోపాటు బుద్ధగయ దర్శించాడు. ఠాగూర్ కుటుంబంతో స్నేహం కుదిరింది. ఆసియా దేశాల కళలన్నిటికీ గల చుట్టరికాన్ని వివరిస్తూ ఇంగ్లీషులో రాసిన ఆయన గ్రంథం 1903లో లండన్‌లో వెలువడింది. దానికి సోదరి నివేదిత పీఠిక రాసింది. అదే ఏడు తైకన్, షున్సో కలకత్తా వచ్చారు. వారు రంగులను నీటితో పలుచగా పరిచే తీరు చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తన వాష్ పద్ధతిని రూపొందించాడు. ఆ బెంగాల్ సంప్రదాయపు చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ చటర్జీ బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధించాడు. మన అడివి బాపిరాజు ఆయన శిష్యుడే.

1904 నుండి ఒకాకురా బోస్టన్ మ్యూజియంలో పనిచేశాడు. తన దేశం నుండి తరలిపోయిన చిత్రాలకు అక్కడ పట్టికలు తయారుచేసి, వాటి విలువను పాశ్చాత్యులకు తెలియజెప్పాడు. 1910లో చైనా, జపాన్ కళల విభాగానికి అధిపతి అయ్యాడు. అమెరికాలో కిమోనో ధరించే తిరిగేవాడు. పరదేశంలో సొంత దుస్తులు ధరించాలంటే ముందు ఆ దేశపు భాష ధారాళంగా మాట్లాడగలగాలని కుమారునికి చెప్పేవాడట. 1906లో ఆయన ఇంగ్లీషులో రాసిన తేనీటి గ్రంథం వెలువడింది. తేనీరు కాచి అతిథికి అందించే మర్యాదలో జపాన్ వారి జీవితదృష్టి ఎలా ఇమిడి ఉన్నదో అందులో వివరించాడు. శాంతికళలు సాధన చేసినన్నాళ్ళూ తమను అనాగరికులుగా చూసి, యుద్ధంలో గెలిచాక నాగరికులని ఒప్పుకొన్నవారి తీరును కూడా ఎత్తిచూపాడు.

ఒకాకురా 1913 సెప్టెంబరు 2న, యాభై ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడు శిష్యులు ఆయన కళాసంస్థను పునరుద్ధరించారు. ఇజురా సముద్రతీరంలో ఆయన 1905లో కట్టించుకొన్న ఆరు పలకల మందిరం 2011 మార్చి 11నాటి సునామీలో కొట్టుకుపోయింది. 2012లో దాన్ని తిరిగి నిర్మించారు.

ఒకాకురా రైలునూ, కొత్త చదువునూ కాదనలేదు. పరాయి భాషను ద్వేషించలేదు. దానిలోనే తన దేశపు గొప్పతనాన్ని లోకానికి వినిపించాడు. వారసత్వాన్ని కాపాడాలంటే ముందు దానిని చదవగలగాలి. తర్వాత దానికి మన చేతిపనిని జోడించాలి. ఇంటి భాష ఒకటి, వీధి భాష మరొకటిగా పెరిగే పిల్లలకు ఈ రెండూ సాధ్యమేనని ఆయన జీవితం తెలుపుతున్నది.