లెక్కకు నాలుగు మెట్లు కట్టిన మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగారు. నా ఉద్యోగం గురించి కాకుండా ఒక లెక్కల మాస్టారి గురించి రాయాలనిపించింది. ఆయన మన దేశంవారు కారు. అయినా దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని వరుసగా రాస్తూ రేఖాగణితం నేర్చుకున్న మనకు పరాయివారు కారు. పేరు జార్జ్ పోల్యా.

1887 డిసెంబరు 13న బుడాపెస్ట్‌లో పుట్టారు. మన శ్రీనివాస రామానుజన్ కంటే తొమ్మిది రోజులు పెద్ద. రామానుజన్ నోటుబుక్కుల్లో ఫలితాలు కనబడతాయి గాని, వాటిని చేరిన దారి చాలాచోట్ల కనబడదు. ఆ దారిని మామూలు విద్యార్థికి చూపడమెలా అన్నదే పోల్యాను జీవితాంతం పట్టుకున్న ప్రశ్న.

చిత్రమేమిటంటే, ఆయన లెక్కల్లోకి చుట్టూ తిరిగి వచ్చారు. తల్లి కోరికపై న్యాయశాస్త్రంలో చేరి, విసుగుపుట్టి త్వరలోనే మానేశారు. తర్వాత భాషలు, సాహిత్యం చదివి లాటిన్, హంగేరియన్ బోధించే అర్హత సంపాదించారు. ఆపైన తత్వశాస్త్రం వైపు మళ్ళారు. అది బోధపడాలంటే భౌతికశాస్త్రం, గణితం చదవమని గురువు సలహా ఇచ్చారు. అలా గణితంలో స్థిరపడి 1912లో డాక్టరేట్ పొందారు. 1914 నుంచి జ్యూరిచ్‌లో బోధించారు. యుద్ధం ముంచుకొచ్చాక 1940లో అమెరికా వెళ్ళి, 1942లో స్టాన్‌ఫర్డ్‌లో చేరారు.

బోర్డు మీద చేసిన లెక్క సరైనదే, కానీ అది ఎవరికైనా ఎలా తట్టిందన్న సందేహం ఆయనను విద్యార్థిగా ఉన్నప్పుడే వేధించింది. దానికి సమాధానంగా రాసిన పుస్తకమే 'హౌ టు సాల్వ్ ఇట్'. కొందరు ప్రచురణకర్తలు తిరస్కరించాక, 1945లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ ప్రెస్ వారు వేశారు. తర్వాత ఎన్నో భాషల్లోకి వెళ్ళింది.

అందులో చెప్పినవి నాలుగే మెట్లు. ప్రశ్నను అర్థం చేసుకో. ఉపాయం ఆలోచించు. అమలు చెయ్యి. వెనక్కి తిరిగి చూడు.

ఆయన ఇచ్చిన ఉదాహరణ మన తరగతి గదే: పొడవు, వెడల్పు, ఎత్తు తెలిసిన గదిలో నేల మూల నుంచి ఎదురుగా పైకప్పు మూలకు దూరమెంత? నేను అంకెలు వేసి చెబుతాను. పొడవు 12, వెడల్పు 4, ఎత్తు 3 మీటర్లు.

మొదటి మెట్టు: ఇచ్చినవి మూడు కొలతలు, కావలసింది ఒక కర్ణం. రెండవది: ఇలాంటి చిన్న లెక్క ముందే తెలుసా? తెలుసు, పైథాగరస్ సిద్ధాంతం. కాబట్టి లంబకోణ త్రిభుజాలు వెతకాలి. మూడవది: వెడల్పు గోడకు కర్ణం, 16+9=25, అంటే 5 మీటర్లు. దానికి పొడవు లంబంగా ఉంది. 25+144=169, జవాబు 13 మీటర్లు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పోల్యా ఆగనివ్వరు. ఇచ్చిన మూడు కొలతలూ వాడామా? వాడాం. జవాబు 12 కంటే పెద్దదేనా? అవును. పొడవు, ఎత్తు తారుమారు చేస్తే జవాబు మారుతుందా? మారదు. ఎత్తు సున్నా అయితే నేల కర్ణమే రావాలి, వస్తుంది. అప్పుడే లెక్క మనదైనట్టు.

ఇంజనీరుగా నాకు అన్నం పెడుతున్నది ఈ నాలుగో మెట్టే. ఇవాళ దూలం డిజైను కంప్యూటరు క్షణంలో ఇచ్చేస్తుంది. కుర్ర ఇంజనీర్లు కాగితం తెచ్చినప్పుడు నేనడిగేది ఒకటే: స్పాన్ రెట్టింపైతే ఈ అంకె ఎటు పోవాలి? బిట్ల పరీక్షల్లో మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు కూడా తడబడుతున్నారు. వాళ్ళకు తెలివి తక్కువై కాదు, ఆ ప్రశ్న వాళ్ళను ఎవరూ అడగలేదు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టడం వేరు, పదిమంది నిలబడే స్లాబుకు పూచీపడడం వేరు.

పోల్యా 1985లో, 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మన బడిలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న మాస్టార్లకూ టీచర్లకూ నా విన్నపం ఒక్కటే: జవాబు వచ్చాక ఒక్క నిమిషం ఆగి, అది ఎందుకు నమ్మాలో పిల్లలనే చెప్పమనండి. సిలబస్ కాస్త వెనకబడినా నష్టం లేదు.