చేతిపంపు దగ్గర ఆగిపోని కథ



ఉపాధ్యాయుడిగా నేను హెలెన్ కెల్లర్ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. గుడ్డి, చెవిటి పిల్ల చేతిపంపు కింద చెయ్యి పెట్టడం, నీళ్ళు అనే మాట తెలుసుకోవడం, అంతటితో పాఠం అయిపోయేది, గంట కొట్టేవారు. ఆ పంపును కళ్ళారా చూస్తానని మాత్రం అనుకోలేదు. మా అబ్బాయి అమెరికాలో హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరకు వెళ్ళినప్పుడు ఒక ఆదివారం టస్కంబియా తీసుకువెళ్ళాడు.

టస్కంబియా అలబామా రాష్ట్రంలో కోల్బర్ట్ కౌంటీకి కేంద్రం. కౌంటీ అంటే మన జిల్లా వంటిదే. జిల్లా కేంద్రమన్న మాటేగాని ఊరి జనాభా సుమారు 9 వేలు. టెన్నెసీ నది పక్కనే ఉన్నా అక్కడి రాతి మడుగుల వల్ల పడవలు సాగేవి కావు. ఆ ఇబ్బంది తప్పించడానికే 1830ల తొలి సంవత్సరాలలో అక్కడ రైలుదారి వేశారు. ఆ ప్రాంతపు తొలి రైలుమార్గాలలో అదొకటి.

ఊళ్ళో ఐవీ గ్రీన్ అనే తెల్లటి చెక్క ఇల్లు ఉంది. హెలెన్ తాతగారు 1820లో కట్టించారు. ఆమె 1880 జూన్ 27న అక్కడ పుట్టింది. తండ్రి ఆర్థర్ కెల్లర్ పత్రికా సంపాదకుడు. పిల్లకు 19వ నెలలో తీవ్రమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని చూపు, వినికిడి పోయాయి.

అంతమాత్రాన ఆమె మూల కూర్చున్న పిల్ల కాదు, గడుగ్గాయి. ఒకసారి తల్లిని సరుకుల గదిలో పెట్టి తాళం వేసి మూడు గంటలు ఆ ఆనందం అనుభవించింది. వంటామె కూతురు మార్తా వాషింగ్టన్ ఆమెకు నేస్తం. హెలెన్ చేతి సైగలు ఆ నల్లపిల్లకు బాగా అర్థమయ్యేవి. ఒకరి జుట్టు ఒకరు కత్తిరించుకున్నారు కూడా! గురువు రాకముందే ఆమెతో మాట్లాడగలిగిన ఈ మార్తా పేరు నా పాఠంలో ఎన్నడూ రాలేదు.

1887 మార్చి 3న ఆనీ సలివాన్ వచ్చింది. వయసు ఇంకా 21 నిండలేదు. పేదల శరణాలయంలో పెరిగి, తానూ కంటిజబ్బుతో బాధపడిన మనిషి. వచ్చిన కొత్తలో ఆమెనూ హెలెన్ గదిలో పెట్టి తాళం వేస్తే, తండ్రి నిచ్చెన వేసి కిటికీలోంచి దింపవలసి వచ్చింది. ఏప్రిల్ 5న పంపు దగ్గర ఒక చేతిమీద నీళ్ళు పడుతుండగా, రెండో అరచేతిలో ఆనీ ఆ మాట అక్షరం అక్షరం రాసింది. ప్రతి వస్తువుకూ ఒక పేరుంటుందని పిల్లకు ఆ క్షణాన తెలిసింది.

అసలు కథ ఆ తర్వాతే ఉంది. హెలెన్ 1904లో రాడ్‌క్లిఫ్ కళాశాల నుంచి పట్టభద్రురాలైంది. 1916లో నల్లవారి హక్కుల సంఘానికి 100 డాలర్లు పంపి, తన సొంత దక్షిణాదిలో వారికి జరుగుతున్న అన్యాయానికి సిగ్గుపడుతున్నానని ఉత్తరం రాసింది. అది పత్రికల కెక్కేసరికి సొంత రాష్ట్రంలో చాలామందికి కోపం వచ్చింది. ఊరు గర్వించే బిడ్డ ఊరిని తప్పుపడితే ఎవరికి నచ్చుతుంది? 1924 నుంచి అంధుల సంస్థ కోసం పనిచేసింది. 1955లో 75వ ఏట అడుగుపెడుతూ మన దేశంతో సహా ఆసియా దేశాలు తిరిగింది. 1961లో పక్షవాతం వచ్చేవరకూ విశ్రాంతి తీసుకోలేదు. 1968 జూన్ 1న కన్నుమూసింది.

ఆమె చూపు పోవడంకన్నా వినికిడి పోవడమే పెద్ద కష్టమని భావించేది. చూపు పోతే వస్తువులు దూరమవుతాయి, వినికిడి పోతే మనుషులే దూరమవుతారని ఆమె అభిప్రాయం. ఇది చదివి నేను కాసేపు కదలలేకపోయాను. నాకు ఐదేళ్ళుగా చెవులు సరిగా వినపడవు. మిషన్ పెట్టుకోమంటే ముసలితనం బయటపడుతుందని నామోషీ. వినపడకపోయినా నవ్వి తలూపేవాడిని. ఇంట్లోవాళ్ళు విసిగి క్రమంగా నాతో మాట్లాడడం తగ్గించారు. తప్పు వాళ్ళదనే అనుకున్నాను.

ఆ రోజు పంపు దగ్గర మనవరాలు ఏదో అడిగింది. అలవాటుగా తలూపాను. మళ్ళీ అడగలేదు, వాళ్ళ నాన్న దగ్గరకు పోయింది.

ఇంటికి తిరిగివచ్చాక చెవి మిషన్ కొన్నాను. మొదటి వారం గిన్నెల చప్పుడుకు తల పగిలిపోయింది. తర్వాత మనవరాలికి ఫోన్ చేసి ఆ రోజు ఏమడిగావమ్మా అన్నాను. “గుర్తులేదు తాతయ్యా” అంది. ఆ ప్రశ్న నాకు మరి దక్కదు. మన సంఘంలో నాలాగా తలూపుతున్న మిత్రులు చాలామందే ఉన్నారు, సమావేశాలలో చూస్తూనే ఉన్నాను. నామోషీ వదిలిపెట్టి ఒకసారి చెవుల పరీక్ష చేయించుకోమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.